రవికగుడ్డల మూటలు

డాక్టరమ్మ మామూలుగానే చెప్పింది. లోకేశ్వరికి మాత్రం ఉరిశిక్ష చదివినట్టు వినబడింది.

"పాప నెలలు నిండకముందే పుట్టింది కదమ్మా, ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు. వచ్చే వారం ఇంటికి పంపిస్తాం. ఇంట్లో దుమ్ము, బూజు, పాత కాగితాలు లేకుండా చూసుకోండి."

పాత కాగితాలు అనగానే లోకేశ్వరికి ఇల్లు కళ్లముందు మెదిలింది. తిరుపతి కొర్లగుంటలో ఆమె ఉండేది ఒక గది, ఒక వంటిల్లు. ఆ గదిలో సగం ఇనప్పెట్టె, పెట్టె మీద మూటలు, మూటల నిండా పాత కాగితాలు. కూతురు పవిత్ర కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అల్లుడు రూపేష్ శ్రీసిటీలో కంపెనీ పని చేసుకుంటూ నలుగురితో కలిసి రూములో ఉంటాడు. పసిబిడ్డను తీసుకుపోవడానికి ఈ గది తప్ప ఇంకో చోటు లేదు.

ఆ కాగితాలు ఆమె భర్త మునిరామయ్యవి. కరెంటు ఆఫీసు తరఫున ఊరూరా తిరిగి మీటరు రీడింగు తీసేవాడు. పొలాల్లో మోటారు షెడ్ల దగ్గర, చెరువు కట్టల పక్కన పాతకాలం రాళ్లు నిలబడి ఉండేవి. ఊరి పశువులను తోలుకుపోయే దొంగలతో పోరాడి చచ్చిపోయిన మనుషులకు ఆ కాలంలో నిలబెట్టిన వీరగల్లులు అవి. చేతిలో కత్తి, పక్కన ఆవు, కింద రెండు మూడు వరసల అక్షరాలు. మునిరామయ్యకు వాటి పిచ్చి పట్టింది. సెలవొస్తే చాలు, కాగితాల చుట్ట, నీళ్ల బిందె, మసి డబ్బా పట్టుకుని బయలుదేరేవాడు. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి దించి, ఆరీ ఆరకముందే మసి గుడ్డతో అద్దేవాడు. కాగితం నల్లబడి, అక్షరాలు తెల్లగా తేలేవి. పెళ్లయినప్పటినుంచి పోయేదాకా అదే పని. ఆ రాళ్లలో కొన్ని ఇప్పుడు లేవు. ఒకటి కల్వర్టు గోడలో కలిసిపోయింది. ఇంకొకటి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పగిలిపోయింది. ఆ రోజు ఆయన అన్నం తినకుండా మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆమె చూసింది. రాయి పోయాక దాని మొహం ఆ కాగితంలోనే మిగిలింది.

ఏ ఊరికి పోయినా రాయి ఉన్న పొలం వాళ్లు ఆయనకు కాఫీ పోసి, వచ్చేటప్పుడు "మీ ఇంటామెకు ఇవ్వప్పా" అని తమలపాకులు, వక్క, ఒక రవికగుడ్డ చేతిలో పెట్టేవాళ్లు. ఆయన ఆ గుడ్డ తెచ్చి ఆ ఊరి కాగితాలకే చుట్టేవాడు.

"నాకు పెట్టిన గుడ్డలు తీసుకుపోయి రాళ్లకు కడతా ఉండావే!" అని ఆమె సణిగేది.

"రాళ్లకు మాత్రం సిగ్గుండదా మే?" అని నవ్వేవాడు. ఆ వెంటనే నవ్వు ఆపి, "నేను పోయినాక ఏమన్నా చెయ్యి గానీ, పాత పేపర్లోడికి మాత్రం వెయ్యొద్దు. మంచి చోటు చూసి ఇయ్యి" అనేవాడు.

నిరుడు ఆయన ఉన్నట్టుండి గుండె పట్టుకుని పోయాడు. మంచి చోటు ఎక్కడుందో చెప్పకుండానే పోయాడు.

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన లోకేశ్వరి, పాప పుట్టకముందునుంచే ఆ మంచి చోటు కోసం తిరుగుతోంది. ఒక కాలేజీలో "తెచ్చి పెట్టిపోండి, చూస్తాము" అన్నారు. ఎక్కడ పెట్టాలి అని అడిగితే వెనక వరండా చూపించారు. అంతకుముందు ఎవరో ఇచ్చిపోయిన పుస్తకాల గుట్ట అక్కడే ఉంది. దాని మీద పావురాల రెట్టలు, పక్కన ఎలుక కొరికిన అట్టలు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసింది. అలిపిరి దగ్గర ఫోటోలకు ఫ్రేములు కట్టే అతను ఇంటికే వచ్చి, నాలుగు మూటలు విప్పి, "ఈ కత్తి పట్టుకున్నోళ్లవి బాగుండాయి. హోటలోళ్లు గోడలకు కొంటారు. ఉత్త అక్షరాలవి నాకొద్దు, మీరే ఉంచుకోండి" అన్నాడు. మనిషి తలకాయ కొని మొండెం వదిలేస్తానన్నట్టు తోచింది ఆమెకు. వద్దు పొమ్మంది.

చివరికి పవిత్రకు చదువు చెప్పిన పంతులు ఒకాయన చిత్తూరులో ఒక ట్రస్టు వాళ్ల చరిత్ర గ్రంథాలయం ఉందని ఫోన్ నంబరు ఇచ్చాడు. అక్కడ పనిచేసే అమర్‌నాథ్ అనే అతను శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు. లోకేశ్వరికి ఆశ పుట్టింది. ఆశ పుట్టిందంటే ఏదో కీడు వెనకే వస్తుందని ఆమె నమ్మకం.

వచ్చింది. బుధవారం పొద్దున అద్దాల పెట్టెలో పాప నీలంగా మారిపోయింది. నర్సులు పరుగెత్తారు. లోకేశ్వరిని బయటికి పంపేశారు. ఆమె ఆసుపత్రి గోడకు తల ఆనించి, తాతయ్యగుంట గంగమ్మను తలుచుకుని మొక్కేసింది. "తల్లీ, ఈ బిడ్డ ఊపిరి నిలబెట్టు. ఈ పొద్దు దీపాలు పెట్టేలోగా ముత్తైదువులకు రవికగుడ్డలు పెట్టిస్తాను." మొక్కిన మాట వెనక్కి తీసుకోకూడదు, గడువు దాటకూడదు. దాటితే ఏమవుతుందో తలుచుకోవడానికే ఆమెకు భయం.

ఇంటికి పరుగెత్తుకొచ్చింది. బజారుకు పోయి ఎంచి తెచ్చే ఓపిక లేదు, వ్యవధి లేదు. చేతికి దొరికింది ఇనప్పెట్టె. చిలకపచ్చ, ఊదా, మామిడిపండు పసుపు, నీలం, ఎరుపు... ఒక్కొక్క మూట విప్పి గుడ్డ లాగింది. గుడ్డల మూలల్లో ఆయన చేతి రాత కనబడింది. సన్నగా పెన్నుతో ఊరి పేరు. అది చూసి కూడా ఆమె ఆగలేదు. ఎందుకంటే ఆ పని ప్రతి ఇంట్లో ఆడవాళ్లు చేసేదే. ఎవరు పెట్టిన గుడ్డో మూలలో గుర్తు వేసుకుంటారు, మళ్లీ వాళ్ల గుడ్డే వాళ్లకు పెట్టి పరువు పోగొట్టుకోకుండా. ఆయన కూడా ఆ తెలివితోనే రాసిపెట్టాడనుకుంది. 'ఆ ఊళ్ల వాళ్లెవరూ ఈ వీధిలో లేరు, ఇబ్బంది లేదు' అని కూడా అనుకుంది. గుడ్డలు జాడించి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసింది. కాగితాలను ఏ మూటవి ఆ మూటగానే బియ్యం సంచుల్లోకి దోపింది.

ముండమోసిన చేతులతో పసుపు కుంకుమలు పెడితే మొక్కు చెల్లుతుందో లేదోనని ఇంకో భయం. ఎదురింటి చంద్రకాంతమ్మను బతిమాలింది. చంద్రకాంతమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి, వీధిలో ఆడవాళ్లను పిలిచి, అందరికీ తనే బొట్టు పెట్టి గుడ్డలు పంచింది. మిగిలిన ఎర్రగుడ్డ తానే తీసుకుంది. సాయంత్రానికి పవిత్ర ఫోన్ చేసింది. "మ్మా, పాప రంగు తిరిగింది. పాలు తాగింది."

లోకేశ్వరి నేల మీదే సాష్టాంగపడింది.

శుక్రవారం అమర్‌నాథ్ వచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయి. గడపలోనే చెప్పులు విడిచి, "చేతులు కడుక్కోను నీళ్లు ఇస్తారామ్మా?" అని అడిగాడు. కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని అప్పుడు కాగితం ముట్టుకున్నాడు. ఆ ఒక్క పనికే లోకేశ్వరికి కళ్లు చెమర్చాయి. ఈయన మునిరామయ్య లాంటి మనిషే.

మొదటి సంచిలోని కాగితం చాప మీద పరిచి, చాలాసేపు వంగి చూసి, "అబ్బా, ఎంత బాగా తీసినాడమ్మా! ఇది యా ఊరి రాయి?" అన్నాడు.

"ఏమో సార్."

రెండోది తీశాడు. "ఇదీ?"

ఆమె ఆ కాగితంలోకి వంగి చూసింది. అతను కాగితం వెనక చూశాడు, అంచులు చూశాడు. "ఆయన యాడా రాయలేదా? ఊరి పేరు?"

అప్పుడు వెలిగింది లోకేశ్వరికి. వెలగడం కాదు, ఒళ్లంతా కాలినట్టయింది. గుడ్డల మూలల్లో ఉన్న రాత ఎవరికోసమో, ఎందుకో. కాగితం మీద పెన్ను పెడితే పాడవుతుందని గుడ్డ మీద రాసుకున్నాడు ఆయన. ఊరు పెట్టిన గుడ్డలో ఊరి రాయి.

జరిగింది చెప్పింది. చెప్తున్నంతసేపూ కొంగు కొస నలుపుతూనే ఉంది. అమర్‌నాథ్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది.

"ఊరు తెలిస్తేనే దీనికి ప్రాణం అమ్మా. ఎవరు సచ్చిపోయినారు, ఏ ఊరికోసం సచ్చిపోయినారు అనేది పోతే ఇది ఉత్త మసి కాగితం. ఊరు లేనివి మా కమిటీవాళ్లు తీసుకోరు. నేను మాటాడి తీసుకున్నా, మూలన పడేస్తారు, మళ్లీ ఎవరూ దాని మొహం సూడరు. అబద్ధం ఎందుకు చెప్పేది మీకు?" లేచి చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "సోమవారం ఇటు పక్క వ్యాను వస్తాది. ఆ గుడ్డలు తెచ్చుకోగలరేమో సూడండి. ఏది యా మూటదో మీకు గుర్తొస్తే..."

మంగళవారం పాప ఇంటికి వస్తుంది.

ఆమె చంద్రకాంతమ్మ గడప దాకా పోయింది. అడగాల్సింది ఒక్క మాట. 'అక్కా, ఆ ఎర్రగుడ్డ ఒకసారి ఇయ్యి.' అంతే.

"రామ్మా లోకా! పాప ఎట్లుండాది?" చంద్రకాంతమ్మ చేటలో కందిపప్పు పక్కన పెట్టింది. "చూసినావా, గంగమ్మకు మొక్కినావో లేదో, రంగు తిరిగింది! నా చేతి మహిమ కూడా కొంచెం ఉండాదిలే. ఏంది మొహం అట్లుండాది?"

లోకేశ్వరి నోరు తెరిచింది. బిడ్డ ఊపిరి మీద పెట్టిన గుడ్డ. దాన్ని వెనక్కి అడగడమంటే ఇచ్చిన ఊపిరి వెనక్కి తీసుకోమన్నట్టు కాదా? అద్దాల పెట్టె, అందులో నీలంగా మారిన చిటికెనవేలంత చెయ్యి కళ్లముందు మెదిలాయి.

"కొంచెం పసుపు ఉంటే ఇయ్యక్కా" అంది.

పసుపు పొట్లం పట్టుకుని ఆసుపత్రికి పోయింది. ఆ పొట్లం ఎందుకు తెచ్చిందో పవిత్ర అడిగేసరికి అంతా చెప్పేసింది.

పవిత్ర మంచం మీద లేచి కూర్చుంది. "నాయన పేర్లు రాసింది ఎవరికి గుడ్డ పెట్టల్లో తెలిసేదానికా? ఎట్లనుకున్యావు మ్మా అట్ల!"

"అందరూ రాసేది అందుకే కదే!"

"పోయి అడుగు. సిగ్గేముండాది? అందరూ మన వీధోళ్లే కదా."

"సిగ్గు కాదు. అడగను. బిడ్డ మీద పెట్టినవి."

"నాయన బతుకంతా తిరిగినాడు మ్మా వాటికోసం!"

"నాకు తెలీదా? ఆయన తిరిగితే ఇంట్లో భయపడి సచ్చింది ఎవరు? నేను కాదా?"

పవిత్ర గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వైపునుంచే అంది. "అయితే పాత పేపర్లోడిని పిలువు. ఇంకేముండాది? పాప వచ్చేలోపల గది కడగల్ల."

ఆదివారం పొద్దున పాత పేపర్ల బండి అరుపు వీధి మొదట్లో వినబడింది. లోకేశ్వరి ఒక సంచి ఎత్తుకుని గడప దగ్గరికి ఈడ్చింది. తర్వాత ఇంకొకటి. చేతులు ఆమెవి కానట్టు పనిచేస్తున్నాయి. 'నన్ను క్షమించు, నీ బిడ్డ బిడ్డకోసమే కదా' అని ఎవరితోనో చెప్తోంది. మూడో సంచి అడుగు చినిగి, కాగితాలు జారి ఎండలో బోర్లా పడ్డాయి.

వెనక వైపు చిలకపచ్చ.

ఆ మరకలు ఆమెకు తెలియనివి కావు. తిరుపతి అంతా నీళ్లు నిలబడిన ఆ వానల ఏడాది ఇంట్లోకి మోకాలెత్తు నీళ్లొచ్చాయి. పెట్టె అడుగు తడిసి, పైన మూటలకు చెమ్మ ఎక్కి, చవకరకం రవికగుడ్డలు కదా, రంగు వదిలాయి. గుడ్డకు తగిలిన పైకాగితం వెనకంతా ఆ రంగు దిగింది. మునిరామయ్య కాగితాలు ఆరబెట్టి మళ్లీ ఆ గుడ్డల్లోనే చుట్టాడు. శుక్రవారం అమర్‌నాథ్ వచ్చేముందు ఈమె ఆ మరకల కాగితాలను కనబడకుండా మూటల అడుగుకు తోసి పెట్టింది. పాడైపోయిన సరుకని వద్దంటాడేమోనని.

చిలకపచ్చ గుడ్డ. ఆమె గడపలో కూలబడింది.

చిలకపచ్చ గుడ్డ వచ్చిన రోజు ఆయన ఆఖరి బస్సులో కూడా రాలేదు. వడమాలపేట దగ్గర లారీ గుద్దిందని ఎవరో అన్నారు. ఆమె బస్టాండులో నిలబడి, ఆయన శవానికి ఏ చీర కట్టుకుని ఎదురు పోవాలో కూడా ఆలోచించుకుంది. పాల వ్యానులో దిగాడు మహానుభావుడు. చేతిలో చిలకపచ్చ గుడ్డ. "వడమాలపేట అవతల పల్లె మే, దోసెలు పోసినారు, తినకుండా రానీలేదు" అన్నాడు. ఆమె ఆ గుడ్డను ఆయన మొహాన కొట్టింది.

బండివాడు గడప దగ్గర ఆగాడు. "ఏమ్మా, పేపర్లా?"

"కాదు. పో నాయనా, పో!" అంది. అన్న గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

సోమవారం అమర్‌నాథ్ వచ్చేసరికి కాగితాలన్నీ ఏ మూటవి ఆ మూటగా గదిలో బోర్లా పేర్చి ఉన్నాయి, రంగు పైకి. లోకేశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది. రాత్రంతా నిద్రలేని కళ్లు.

"గుడ్డలు లేవు సార్. తీసుకురాను కూడా. రంగులుండాయి. నాకు చదువు లేదు, ఆ రాళ్ల మీద ఏముండాదో తెలీదు. ఆయన ఏ గుడ్డ తెచ్చిన దినం నేను ఎంత భయపడినానో మాత్రం తెలుసు. సరిపోతాదా?"

అమర్‌నాథ్ జేబులోంచి పెన్సిలు తీసి కింద కూర్చున్నాడు. "చెప్పండమ్మా."

"ఊదా రంగుది శ్రీకాళహస్తి పక్క. స్వర్ణముఖికి నీళ్లొచ్చినాయని టీవీలో చెప్పినారు. కొట్టుకపోయినాడనే అనుకున్యా. ఆయన ఏటికి ఇవతలే ఉండాడంట. ఊరు... ఊరందూరు. పసుపుది పెనుమూరు. ఆడ కుక్క కరిసింది. పిచ్చికుక్కేమోనని సూదులు పడినన్ని దినాలూ ఆయన నీళ్లు తాగుతా ఉంటే నేను కళ్లార్పకుండా సూస్తా ఉన్యా. నీలందా? పలమనేరు అడివి పక్క. ఏనుగులు దిగినాయని పేపర్లో వచ్చింది."

అతను ఒక్కొక్క కాగితం అంచున సన్నగా రాసుకుంటూ పోయాడు. కొన్నిటికి ఆమె తల అడ్డంగా ఊపింది. గులాబీ రంగు మూట ఒకటి ఎంత సేపు చూసినా ఏ భయమూ గుర్తు రాలేదు. ఆ రోజు ఆయన వేళకే ఇంటికి వచ్చి ఉంటాడు. వేళకు వచ్చిన రోజులేవీ ఆమెకు గుర్తులేవు.

ఎర్రవి రెండున్నాయి.

"ఒకటి పుత్తూరు పక్క, ఒకటి చంద్రగిరి పక్క. రెండు దినాలూ ఫోన్ పలకలేదు. రెండు దినాలూ ఒకే భయం. ఏది యాడిదో తెలీదు సార్." ఆమె ఆ రెండు మూటలనూ అతని వైపు జరిపింది. "తీసుకోరా?"

"ఈ రెండు ఊర్లలో ఒకటి అని రాస్తా. ఎవురైనా పోయి అడిగి సూస్తారు. దారి దొరికింది కదా."

అప్పుడే చంద్రకాంతమ్మ గడపలోకి వచ్చింది. ఒంటి మీద కొత్త ఎర్ర రవిక. "ఏంది లోకా, ఇంటి ముందర వ్యాను? నిన్నటినుంచి గది ఎత్తి దించతా ఉండావంట!" విషయం విన్నాక ఆమె నోరు తెరుచుకుంది. "ఓసి నీ భయం పాడుగాను! పసుపు అడగను వచ్చి మింగుకోని పోయినావా మాట? ఉండు." ఇంటికి పోయి గుప్పెట్లో ఒక పీలిక తెచ్చింది. "టైలరు రాత ఉండే మూల కత్తిరించి ఇచ్చేసినాడు, ఎవురిదో పేరుండాదని. పారేసేదే కదా, పెట్టుకో."

లోకేశ్వరి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దక్కా. మొక్కుగుడ్డ."

"మొక్కు నా ఒంటి మీద ఉండాది, సూడు! ఇది చెత్త. చెత్త తీసుకుంటే గంగమ్మ ఏమీ అనుకోదు."

లోకేశ్వరి అమర్‌నాథ్ వైపు చూసింది. అతను చెయ్యి చాచి పీలిక తీసుకున్నాడు. మునిరామయ్య చేతి రాత. చంద్రగిరి దగ్గర పల్లె పేరు, సబ్బుకు సగం చెరిగి. రెండు ఎర్ర మూటల పక్కన పెట్టి చూశారు. రెండూ వెలిసిన ఎరుపే. ఏ మరకకూ అది మరీ దగ్గరా కాదు, దూరమూ కాదు. చివరికి అతను పీలికను ఆ రెండు మూటల నడుమ పెట్టి, రెంటినీ కలిపి కట్టాడు.

మూటలు వ్యానులోకి ఎక్కుతుంటే లోకేశ్వరి వెంట వెంట తిరిగింది. ఆడ చెదలుంటాయా? కప్పు కారుతాదా? మీరు ఉద్యోగం మానేస్తే ఎవరు సూస్తారు? కరెంటు వైర్లు పాతవా? అమర్‌నాథ్ అన్నిటికీ జవాబు చెప్పాడు. కొన్నిటికి "తెలీదమ్మా, కనుక్కుంటా" అన్నాడు. తెలీదన్న మాటలనే ఆమె ఎక్కువ నమ్మింది. గులాబీ మూటను కూడా అతను పక్కన పెట్టకుండా ఎక్కించుకున్నాడు. "కమిటీ ఏమంటాదో సూద్దాము" అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

వ్యాను మలుపు తిరిగింది. కొండ మీద మబ్బు కమ్ముతోంది. ఆమె గది కడిగింది, మళ్లీ కడిగింది. ఇనప్పెట్టెను వంటింట్లోకి తోసేస్తే, అది ఉన్న చోట నేల వేరే రంగులో మిగిలింది. పవిత్ర ఫోన్ చేసి, "పోయినాయా?" అంది. "పోయినాయి" అంది లోకేశ్వరి. అటువైపునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "రేపు పదికి పంపిస్తారంట మ్మా. దుప్పటి ఉతికినావా?"

చినుకులు మొదలయ్యాయి. చిత్తూరు దారిలో వ్యాను బోల్తాపడి, కాగితాలు నీళ్లలో తేలుతున్నట్టు ఆమె కళ్లకు కట్టింది. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు మోగింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఆగిపోతుందేమోనన్న భయంతో ఎత్తింది.

"చేరినామమ్మా" అన్నాడు అమర్‌నాథ్. "అన్నీ పైన అరలో పెట్టినాము. తడవలేదు."

"ఆ గదికి కిటికీ ఉండాదా సార్?"

"ఉండాది."

"మూసినారా? వాన కదా."

అతను నవ్వాడు. నడిచిపోతున్న అడుగుల చప్పుడు వినబడింది. కిటికీ రెక్క పడి, గడియ బిగిసిన చప్పుడు వినబడేదాకా లోకేశ్వరి ఫోను చెవి మీదనుంచి తీయలేదు.